చుట్టాల జాబితా

తుని,
18 నవంబరు 1999

అక్కకి లోకనాథ్ రాస్తున్నది,

ఉత్తరం విప్పగానే వీడు డబ్బులు అడుగుతున్నాడనుకుంటావు. అడుగుతున్న మాట నిజమే, నాకోసం మాత్రం కాదు. ఫోన్ చేద్దామంటే ఫైనాన్స్ కొట్లో బావగారే ఎత్తుతారు. పైగా నీ గొంతు వింటే సగం మాటలు లోపలే ఉండిపోతాయి. అందుకే కాగితం.

నేను పనిచేసే స్పేర్‌పార్ట్స్ కొట్టు దగ్గర మీ రావులపాలెం అరటి గెలల లారీలు ఆగుతుంటాయి. మొన్న ఒక డ్రైవరు బ్రేకు సామాను కోసం వచ్చి, "మీ బావగారు మారాజండీ బాబూ! మా ఓనరు గారి డిపాజిట్టు అడక్కుండానే పిలిచి మరీ ఇచ్చేశారు" అన్నాడు. పొంగిపోయి అతనికి టీ తాగించాను. మర్నాడు సముద్రం ఒడ్డున మన పాలెం నుంచి నాన్న రాయించిన కార్డు వచ్చింది. దీపావళికి అప్పాయమ్మ పిన్ని మీ ఇంటికొచ్చి, మీ దగ్గర దాచుకున్న తన డబ్బు అడిగితే, బావగారు "తొందరేంటత్తా, వడ్డీ వస్తోంది కదా" అని చీర పెట్టి పంపేశారట. ఆ టీ డబ్బులు దండగ అనిపించింది.

గెలల వ్యాపారికి అడక్కుండానే ఇస్తారు. పిన్నికి అడిగినా ఇవ్వరు. ఇదేం న్యాయం?

అది ఎలాంటి డబ్బో నీకు నేను చెప్పాలా? తొంభై ఆరు తుఫానులో వేటకెళ్ళిన చిన్నాన్న తిరిగి రాలేదని సర్కారు ఇచ్చిన డబ్బు. ఆ డబ్బుతో పిన్ని పడవలో వాటా కొనుక్కుందామనుకుంటోంది. వాటా అమ్మే ఆయన శివరాత్రి దాకా ఆగుతానన్నాడు. ఆ వాటా దొరికితే పిన్ని తన పడవ చేపలు తను అమ్ముకుంటుంది. దొరక్కపోతే జీవితాంతం పరాయివాళ్ళ చేపల గంప నెత్తిన మోస్తుంది. అమ్మ పోయాక మనిద్దర్నీ సాకింది ఆ నెత్తి మీది గంపే కదక్కా.

ఇంకో సంగతి. రిజర్వు బ్యాంకు చట్టం మారి మూడేళ్ళు కావస్తోంది. వడ్డీ వ్యాపారం చేసే ప్రైవేటు మనిషి జనం దగ్గర డిపాజిట్లు తీసుకోకూడదు. పాతవి ఎంత ఆలస్యమైనా వచ్చే మార్చి ఆఖరుకి తిరిగిచ్చెయ్యాలి. ఇవ్వకపోతే జైలు. ఈ ఏడాది మన రాష్ట్రం ఇంకో చట్టం చేసింది. డిపాజిటుదార్లు అర్జీ పెడితే కలెక్టరు ఆస్తులు జప్తు చెయ్యొచ్చు. ఇక్కడ వినియోగదారుల సంఘం వాళ్ళు అమ్మే రెండు రూపాయల పుస్తకాల్లో అంతా వివరంగా ఉంది. బావగారికి కావాలంటే పంపిస్తాను.

ఎప్పుడిస్తారో ఒక తేదీ రాయి. కబుర్లు వద్దు.

నీ తమ్ముడు,
లోకనాథ్


రావులపాలెం,
27 నవంబరు 1999

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి కాసేపు వీధి తలుపు వైపు చూశాను, వెనకే పోలీసులు కూడా వస్తున్నారేమోనని. అక్క ఎలా ఉందో, మేనల్లుడికి జ్వరం తగ్గిందో లేదో ఒక్క ముక్క లేదు. జ్వరం తగ్గిందిలే. మళ్ళీ అల్లరి మొదలెట్టాడు.

మీ బావకి చట్టం తెలీదనుకుంటున్నావా? నీ రెండు రూపాయల పుస్తకం కంటే ముందే ఆయన రాజమండ్రి వెళ్ళి ఆడిటరు శశిభూషణ్ గారిని అడిగొచ్చారు. "బయటివాళ్ళవన్నీ ఇచ్చెయ్యండి, చుట్టాలవి ఉంచుకోవచ్చు" అన్నారట ఆయన. అందుకే మార్కెట్లో వాళ్ళవన్నీ వెతికి వెతికి ఇచ్చేశారు. మన పాలెంవి ఉంచారు. అంటే మనవాళ్ళని మనవాళ్ళలా చూశారని అర్థం. నువ్వేమో తిరగేసి చదువుతున్నావు.

పాలెంలో చుట్టం కానిదెవరురా? పెళ్ళయిన కొత్తలో ఆయన వస్తే ఒక్క మనింట్లో తిని ఊరుకోనిచ్చారా? ఒక్కో పూట ఒక్కో ఇంట్లో చేపల పులుసు. తినని ఇంటివాళ్ళు అలిగి నాన్నతో మాట్లాడ్డం మానేశారు. సంపూర్ణమ్మ అయితే "మా అల్లుడు మా గుమ్మం తొక్కకుండా ఎలా పోతాడో చూస్తాను" అని ఆయన చెప్పులు దాచేసింది. బట్టలు కూడా పాలెమంతా చందా వేసుకునే పెట్టారు. ఆ ఆడాళ్ళ డబ్బు తిరిగిచ్చేస్తే ఎక్కడ దాచుకుంటారు? నూటికి రూపాయిన్నర వడ్డీ వాళ్ళకెవరిస్తారు? ఆయన మనసులో ఉన్నది అదీ.

పిన్ని వాటా సంగతి మాకు చెప్పనే లేదు. ఉత్తినే అడిగిందనుకున్నాం. సరే, చూస్తాం.

నీ కోపం అసలు దేనికో నాకు తెలుసులే. సొంత కొట్టు పెడతానని అప్పు అడిగితే ఆయన కాదన్నారని కడుపులో పెట్టుకున్నావు. దానికి పిన్నిని అడ్డం పెట్టకు.

పులిసిన మజ్జిగ తాగకు. నీకు పడదు.

మీ అక్క,
సాయిదుర్గ


తుని,
6 డిసెంబరు 1999

అక్కకి,

"పిన్నిని అడ్డం పెట్టకు" అన్న మాట చదివి నీ ఉత్తరం నలిపి పారేశాను. మళ్ళీ తీసి సాపు చేసుకుని జవాబు రాస్తున్నాను. అప్పు ఇవ్వలేదని ఏడ్చేవాడినైతే ఆనాడే మీ గుమ్మంలో ఏడ్చేవాణ్ణి.

ఆడిటరు గారు చుట్టాలన్నారు. ఏ చుట్టాలని బావ అడిగాడా? ఇక్కడ ప్లీడరు గారింటికి వెళ్ళి ఆ చట్టం తెలుగులో చెప్పించుకున్నాను. అందులో చుట్టాల జాబితా ఉంది. తల్లి, తండ్రి, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, మనవలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, ఇలా కొన్ని వరసలు. "పెళ్ళాం పిన్ని లేదాండీ?" అని అడిగాను. "లేదు" అన్నారు. "పోనీ పెళ్ళాం ఊరివాళ్ళు?" అంటే ప్లీడరు గారు కళ్ళజోడు తీసి నా మొహం చూశారు. కాబట్టి సంపూర్ణమ్మ చుట్టం కాదు. మనింటి పక్క పెద్దింట్లమ్మ కాదు. మనల్ని సాకిన పిన్ని కూడా బావకి చట్టం లెక్కలో బయటి మనిషే. పాలెం డబ్బంతా జనం డబ్బు. మార్చి ఆఖరుకి అంతా కక్కాల్సిందే.

మునిగిపోయే ఫైనాన్స్‌ని ఎలా గుర్తుపట్టాలో మా పుస్తకంలో రాశారు. మొదట పెద్దవాళ్ళకి ఇస్తారు. చిన్నవాళ్ళతో మనమంతా ఒకటే అంటారు. తర్వాత కాస్త టైము ఇవ్వమంటారు. ఆ తర్వాత షట్టరు దించేస్తారు. మొదటి రెండూ అయిపోయాయి.

ఆదివారం పాలెం వెళ్ళాను. ఆడవాళ్ళందర్నీ కూర్చోబెట్టి చెప్పాను. సంపూర్ణమ్మ, పెద్దింట్లమ్మ, ఇంకొందరు అర్జీ మీద వేలిముద్రలు వేశారు. పిన్ని వెయ్యలేదు. "అల్లుడి మీద కాయితమా? నీకు మతి పోయిందా?" అని లేచి వెళ్ళిపోయింది.

ఈ నెలాఖరు దాకా చూస్తాను. పిన్ని డబ్బు ఇవ్వండి, మిగతావాళ్ళకి తేదీ చెప్పండి. లేకపోతే కాకినాడ వెళ్ళి కలెక్టరాఫీసులో అర్జీ ఇస్తాను.

లోకనాథ్


రావులపాలెం,
17 డిసెంబరు 1999

తమ్ముడూ,

జాబితా సంగతి చదివి ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయారు. మర్నాడు మళ్ళీ రాజమండ్రి వెళ్ళారు. నువ్వు రాసింది నిజమేనట. "చుట్టాలంటే నేను ఇంట్లోవాళ్ళనుకున్నాను, మీరు ఊరినే ఇంట్లో కలిపేసుకున్నారు" అని ఆడిటరు గారు తల పట్టుకున్నారట. ఇందులో మోసం ఎక్కడుందిరా? నాతో సహా ఎవరికీ ఆ అనుమానమే రాలేదు.

ఇస్తారు. అందరికీ ఇస్తారు. కాకపోతే డబ్బు బీరువాలో లేదు. గెలల వ్యాపారుల దగ్గరుంది. వాళ్ళు దాన్ని రైతులకి ముందే ఇచ్చి తోటలు కుదుర్చుకున్నారు. మాఘమాసం పెళ్ళిళ్ళకి గెల రేటు లేస్తుంది, అప్పుడు సరుకమ్మి కడతారు. ఫిబ్రవరి ఆఖరు దాకా టైమివ్వు. పిన్నిది అందరికంటే ముందిచ్చేస్తామని నా బిడ్డ మీద ఒట్టేసి రాస్తున్నాను. శివరాత్రికి వాటా చేతికొస్తుంది.

ఇలాంటి వ్యాపారంలో ఒక్క పుకారు చాలు. కలెక్టరాఫీసు మాట మార్కెట్లో పడిందంటే, కట్టాల్సినవాడు కట్టడు. దయచేసి ఆగు. కోప్పడి రాయట్లేదు, బతిమాలుతున్నాను. నీ అక్క నిన్ను ఎప్పుడైనా బతిమాలిందా?

సాయిదుర్గ


తుని,
2 జనవరి 2000

అక్కకి,

నీ ఉత్తరం అందింది. చాలాసార్లు చదివాను. "టైమివ్వు" అన్నచోట ఆగిపోయాను. పుస్తకంలో ఉన్న మూడో గుర్తు సరిగ్గా అదే.

నువ్వు అబద్ధం చెబుతున్నావని అనను. నీకు చెప్పినది నువ్వు రాశావు. కానీ ఊళ్ళో షట్టరు దించేసి పోయిన ప్రతి ఫైనాన్స్ వాడి పెళ్ళాం కూడా ఆఖరు రోజు దాకా నీలాగే నమ్మింది. నీ ఒట్టు మీద పాలెం ఆడవాళ్ళ బతుకులు పెట్టలేను. నువ్వు నా అక్కవి కాబట్టే అసలు పెట్టకూడదు. మా అక్క మొగుడని ఊరుకుంటే, రేపు వాళ్ళ మొహం ఎలా చూడను?

31న కాకినాడ వెళ్ళి అర్జీ ఇచ్చేశాను. స్టాంపు వేసి రసీదు ఇచ్చారు. విచారణకి వస్తారు. లెక్కలు సరిగ్గా ఉంటే బావ భయపడాల్సిన పని లేదు. నిజాయితీపరుడికి చట్టం అన్నలాంటిది.

నన్ను తిట్టు. తిట్టి ఉత్తరం రాయి. రాయడం మాత్రం మానకు.

లోకనాథ్


రావులపాలెం,
11 జనవరి 2000

లోకనాథ్,

ఆయన తెల్లారకుండా మార్కెట్‌కి పోతున్నారు. ఎవడి సరుకు లోడవుతుంటే వాడి దగ్గర నిలబడి, ఉన్నంత కట్టించుకుని బ్యాంకులో వేస్తున్నారు. పిన్నిది సగం పైన కూడింది. ఆ అర్జీ వెనక్కి తీసుకో.

అక్క


తుని,
19 జనవరి 2000

అక్కా,

ఇచ్చిన అర్జీ నా సొంతం కాదు, వేలిముద్రలు వేసినవాళ్ళది. వెనక్కి తీసుకోను. సగం కూడిందంటున్నావు. ఆ సగం పిన్ని చేతిలో పెట్టండి, అప్పుడు నమ్ముతాను.

లోకనాథ్


రావులపాలెం,
20 ఫిబ్రవరి 2000

లోకనాథ్,

సగం సగం ఇస్తే పడవ వాటా రాదని, మొత్తం ఒకేసారి పెడదామని ఆగారు మీ బావ. పోయిన సోమవారానికి పిన్ని డబ్బు పూర్తిగా కూడింది. చెక్కు రాసి, శుక్రవారం పాలెం వెళ్ళి ఇద్దామని తాంబూలంలో పెట్టడానికి నా చేత తమలపాకులు కూడా తెప్పించారు. గురువారం మధ్యాహ్నం జీపు వచ్చింది.

కొట్టుకి సీలు వేశారు. బ్యాంకులో ఖాతా ఆపేశారు. పిన్నికి రాసిన చెక్కు ఇప్పుడు ఉత్తి కాగితం. ఆయన్ని స్టేషనుకి తీసుకెళ్ళి మర్నాడు జామీను మీద పంపారు. పిలిచినప్పుడల్లా వెళ్ళి సంతకం పెట్టాలి. వచ్చిన ఆఫీసరు చెడ్డవాడేం కాదు, నీళ్ళడిగి తాగాడు. "మా చేతిలో ఏం లేదమ్మా, అర్జీ వచ్చింది, అడిగినా తిరిగివ్వని డిపాజిట్లున్నాయి, జప్తు చెయ్యాలి" అన్నాడు.

అదే సాయంత్రం మార్కెట్లో గెలల వ్యాపారులంతా ఒకటే మాట: "సీలు పడ్డాక మేం ఎవరికి కట్టాలండీ? రేపు గవర్నమెంటోళ్ళొచ్చి మళ్ళీ కట్టమంటేనో?" అప్పటి నుంచి పైసా రాలేదు. ఈ మాటే నేను డిసెంబరులో రాశాను.

నిన్న పాలెం ఆడవాళ్ళు లారీ ఎక్కి వచ్చారు. సంపూర్ణమ్మ నా వాకిట్లో కూర్చుని నోటికొచ్చినట్టు తిట్టింది. "మా కుర్రోడు చెప్పబట్టి బతికిపోయాం, లేకపోతే మొత్తం మింగేసేవోరు!" అంది. మా కుర్రోడంటే నువ్వే. పిన్ని మాత్రం తిన్నగా వంటింట్లోకి వచ్చి, నా ముందున్న కత్తిపీట లాక్కుని వంకాయలు తరుగుతూ కూర్చుంది. ఆఫీసరు మళ్ళీ వచ్చి ఆవిడ వాంగ్మూలం అడిగాడు.

"ఈయన మీకేమవుతారమ్మా?"

"అల్లుడు."

"సొంత కూతురి భర్తా?"

"మా అక్క కూతురి మొగుడండి."

"అయితే చట్టప్రకారం చుట్టం కాదు."

"మరి నువ్వెవరివి బాబూ, మా చుట్టరికం తేల్చడానికి?" అంది పిన్ని, తల కూడా ఎత్తకుండా. వేలిముద్ర వెయ్యలేదు.

వెళ్ళేటప్పుడు శివరాత్రి ఎంతలో ఉందని ఒక్కసారి అడిగింది. తెప్పించిన తమలపాకులు ఆవిడ కొంగున కట్టి పంపాను.

సాయిదుర్గ


తుని,
13 మార్చి 2000

అక్కకి,

నీ ఉత్తరం రాగానే కొట్లో చెప్పకుండా కాకినాడ పోయాను. పిన్ని డబ్బు ఒక్కటైనా వదలమని అడిగాను, బతిమాలాను, చివరికి అరిచాను. ప్యూను బయటికి గెంటాడు. ప్రత్యేక కోర్టు తేల్చాలట. ఎంత కాలం పడుతుందంటే అందరూ ఫ్యాను వైపు చూస్తున్నారు. కొట్టులో నా పని కూడా పోయింది. అది వేరే సంగతి.

చట్టం తప్పని ఇప్పటికీ అనను. బావ ఉంచుకోకూడని డబ్బు ఉంచుకున్నాడు. కానీ పుస్తకంలో గుర్తులు చూశాను గాని, నువ్వు ఎలాంటి మనిషివో చూడలేదు. బావ ఇంటింటికీ పులుసు తిన్న మనిషని చూడలేదు. దొంగ కోసం రాసిన పేజీ మా ఇంటి మీద పెట్టి చదివాను.

శివరాత్రికి పాలెం వెళ్ళాను. వాటా అమ్మే ఆయన ఇంకెవరికో ఇచ్చేశాడు. పిన్ని గంపకి కొత్త అడుగు అల్లించుకుంటోంది. నాన్న పొద్దుటే నన్నూ పిన్నినీ ఒడ్డుకి పిలిచాడు. పెద్దమనుషులు నలుగురున్నారు.

"ఒరే, నా పడవలో నా వాటా నీకిద్దారని ఉంచేను" అన్నాడు. "ఇయ్యాళ్టి నుంచి అది మీ పిన్నిది."

"బావా, వద్దు! పిల్లాడి నోటికాడిది నాకెందుకు?" అని పిన్ని ఏడ్చింది.

"ఊరుకో అప్పాయీ. అల్లుడు దొరబాబు ఇచ్చిన రసీదు ఉంది కదా, అది ఆడికియ్యి." నా వైపు తిరిగాడు. "ఆ డబ్బు ఇప్పుడు నీది. నీ కలెక్టరు ఎప్పుడిస్తే అప్పుడు తీసుకో."

తిడతాడనుకుని వెళ్ళాను. ఒక్క తిట్టు తిట్టలేదు.

ఆ రసీదు పట్టుకుని మళ్ళీ కాకినాడ వెళ్ళాను, పిన్ని పేరు బదులు నా పేరు ఎక్కించమని. గుమాస్తా గారు కాగితం చూసి, "దొరబాబు మీకేమవుతారండీ?" అన్నారు. మా అక్క భర్తన్నాను. ఆయన జాబితా తీసి వేలు పెట్టి చూపించారు. అక్కచెల్లెళ్ళ భర్త అందులో ఉన్నాడు. "మీరు చుట్టమండి. మీకూ ఆయనకీ మధ్య ఉన్నది డిపాజిట్టు కాదు, ఇంట్లో బాకీ. ఇక్కడ మీకు రక్షణ వర్తించదు. మీరూ మీ బావగారూ చూసుకోవాలి" అన్నారు. నా కోపం, నా పుస్తకాలు, అన్నీ ఆయన బల్ల మీదే ఉండిపోయాయి. రసీదు మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాను.

సంపూర్ణమ్మ వాళ్ళ సంగతి మాత్రం నేను వదలను. ప్లీడరు గారిని అడిగాను. గెలల వ్యాపారులు బాకీలు కోర్టు చెప్పిన ఖాతాలో కడితే ఆ డబ్బు పాలెం ఆడవాళ్ళకే పంచుతారట. వ్యాపారులకి ఆ భయం తీర్చి, ఒక్కొక్కరి చేతా కట్టించే మనిషి కావాలి. ఎవరెంత కట్టాలో బావకి తెలుసు. ఏ ఖాతాలో ఎలా కట్టాలో నేను తెలుసుకున్నాను. ఇద్దరం కలిసి తిరిగితే జరుగుతుంది. ఒక్కడి వల్లా కాదు.

నేను రావచ్చా? నీ ఇంట్లో ఉండకూడదంటే మార్కెట్ షెడ్డులో పడుకుంటాను. బావని అడిగి రాయి.

లోకనాథ్


రావులపాలెం,
18 మార్చి 2000

లోకనాథ్,

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. బాకీలున్న వ్యాపారుల పేర్లన్నీ గుర్తు చేసుకుని ఒక కాగితం మీద రాశారు. తర్వాత "రమ్మను. వ్యాపారులు తెల్లారేలోగా లోడు చేసి పోతారు, లేటైతే ఎవడూ దొరకడు. షెడ్డులో దోమలు, ఇంట్లోనే పడుకోమను" అన్నారు. పక్కింటివాళ్ళ సైకిల్ నీకోసం అడిగి పెట్టారు.

అది ఆయన మాట. నా మాట వేరు. బిడ్డ మీద ఒట్టేసి రాసినా నువ్వు నన్ను నమ్మలేదు.

వచ్చి పని చెయ్యి. పాలెం ఆడవాళ్ళందరి డబ్బూ వాళ్ళకి చేరేదాకా ఎన్నాళ్ళయినా ఉండు. రెండు పూటలా అన్నం పెడతాను, తిను. నాతో మాత్రం మాట్లాడకు. మాట్లాడాలనిపించిన రోజున నేనే పిలుస్తాను.

సాయిదుర్గ